నాతోనే మాట్లాడాలె

మా ఊళ్లో మా ఇంటికి మంచి పేరుండేది. "తిరుపతి ఇంట్ల నుంచి ఒక్క కేక ఇనపడ్తదా? సంసారమంటే గట్లుండాలె" అని, కొత్తగా పెళ్లయి కీచులాడుకునే జంటలకు పెద్దవాళ్లు మమ్మల్ని చూపించి బుద్ధులు చెప్పేవాళ్లు.

వాళ్లన్నది అబద్ధమేమీ కాదు. మా ఆయన తిరుపతి తాగడు, పేకాడడు. పెళ్లయిన పన్నెండేళ్లలో నా మీద చెయ్యెత్తలేదు. కోపమొస్తే నోరు మూసుకునేవాడు, అంతే. మూసుకున్న ఆ నోరు మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటుందో ఆ దేవుడికి కూడా తెలిసేది కాదు. ఒకసారి ఉగాదినాడు మూతపడింది ఏరువాకకు గానీ తెరుచుకోలేదు.

ఎందుకు కోపమొచ్చిందో చెప్పేవాడు కాదు. అది నేనే వెతుక్కోవాలి. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పుట్టింటికి పోయి ఒకరోజు ఎక్కువున్న సంగతి దాకా అన్నీ తిరగేసుకుని, దొరికినా దొరక్కపోయినా "తప్పయింది" అనాలి. అన్న మర్నాడు పొద్దున "చెంబు ఇటియ్యి" అనేవాడు. నన్ను క్షమించాడని దానర్థం.

మాటలు లేకపోయినా ఇల్లు నడవాలి కదా! మా బిడ్డ శ్రీవాణి మాటలు నేర్చిన నాటి నుంచి ఆ బరువు దాని మీద పడింది. నేను పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నా "శ్రీవాణీ, మీ అమ్మను అన్నం పెట్టమను" అనేవాడు. ఒకనాడు ఆ పిల్ల అరుగు మీద బొమ్మల పెళ్లి ఆడుకుంటూ, ఆడబొమ్మకూ మగబొమ్మకూ మధ్య ఒక రాయి నిలబెట్టింది. "ఇదేందే?" అని అడిగితే, "ఇది వాళ్ల బిడ్డ. ఇది చెప్తెనే వాళ్లకు ఇనపడ్తది" అంది. ఆ జూన్‌లోనే దాన్ని గద్వాల హాస్టల్లో చేర్పించాను. చదువు కోసమని ఊరికి చెప్పాను. ఆ తర్వాత కబుర్లు మోసే పని మా అత్త జములమ్మకు వచ్చింది.

రెండువేల ఏడో సంవత్సరం అది. నేను చెప్పేది ఆ ఏటి వానాకాలం సంగతి.

మాది గద్వాల నుంచి రాజోలికి పోయే దారిలో చిన్న ఊరు. ఆ రోజుల్లో మా వైపు ఎవరి నోట విన్నా సీడుపత్తి మాటే. కంపెనీకి విత్తనం కోసం పండించే పత్తి. మామూలు పత్తిలాగా విత్తి వదిలేస్తే కుదరదు. పూత కాలంలో ప్రతి సాయంత్రం మర్నాడు విచ్చే మొగ్గల్ని వెతికి, రేకలూ పుప్పొడీ గోటితో ఒలిచి, గుర్తుకు ఎర్రకాగితం తొడగాలి. పొద్దున్నే మగచెట్ల పూలు కోసుకొచ్చి ఆ ఒలిచిన మొగ్గలకు ఒక్కొక్కదానికీ అద్దాలి. దీన్నే పువ్వు చెయ్యడమంటారు. ఒక్క పూట తప్పితే ఆ పూట పూలన్నీ వృథా. చేతులెన్ని ఉంటే అంత పంట.

విత్తనాలు వేసే ముందు కంపెనీ తరఫున ఆర్గనైజర్ మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని, "ఎకరంన్నర పెట్టు తిరుపతీ" అన్నాడు. మా ఆయన సరేనన్నాడు. చాయ్ తెచ్చిన నేను ఊరుకోలేకపోయాను.

"ఎకరం చాలు సారూ. పువ్వు చేసేటందుకు చేతులు యాడున్నయ్ మాకు? బోరు గూడ అంతంత మాత్రమే" అన్నాను.

ఆర్గనైజర్ పెద్దగా నవ్వాడు. "ఓహో, ఈ ఇంట్ల పెత్తనం అమ్మగారిదన్నమాట!" అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆర్గనైజర్ బండి మలుపు తిరగగానే ఆ నవ్వు పోయింది, నోరు మూతపడింది. ఎకరంన్నరా విత్తనం పడింది.

ఈసారి నేను తప్పయిందని అనలేదు. అనకూడదని ముందే అనుకున్నదేమీ లేదు. మర్నాడు పొద్దున ఆ మాట కోసం నోరు తెరిచాను, అరుగు మీది రాయి గుర్తొచ్చింది, నోరు మూసుకుని పేడకళ్లెత్తడానికి పోయాను. ఒకరోజు అనకుండా గడిచింది. రెండోరోజు ఇంకొంచెం తేలికైంది. అట్లా మొలకలొచ్చాయి, కలుపులయ్యాయి, పత్తి నడుమెత్తు పెరిగింది. ఒకే చేలో ఇద్దరం ఎడమొహం పెడమొహంగా పనిచేస్తూనే ఉన్నాం.

"అత్తా, నీళ్లు కట్టమన్నడని చెప్తివి గదా. ఏ మడికో గూడ అడుగు" అనేదాన్ని. పాపం, ఆమె మోకాళ్ల నొప్పులతో గట్టు ఈ కొసనుంచి ఆ కొసకు నడిచేది.

పూత మొదలయ్యాక మా చేలోకి పనికొచ్చినవాళ్లు సారమ్మా, ఆమె మొగుడు పాల్. వాళ్లిద్దరూ పూలు చేస్తుంటే చేనంతా సంతలా ఉండేది. ఒకరోజు పొద్దున సారమ్మ తొందరలో ఒక వరస వదిలేసింది.

"కండ్లు యాడ పెట్టినవే? ఈ సాలంత ఎవడు అద్దాలె, మీ నాయనా?" అని అరిచాడు పాల్.

"మా నాయన పేరెత్తితే మూతి పగుల్తది! నిన్న మాపు నువ్వు ఇడిచిపెట్టిన మొగ్గలు నేను ఏరలేదా?"

"ఏరినవ్. ఊరందరికి చెప్పుకుంట ఏరినవ్!"

"చెప్త! మైకు పెట్టి చెప్త!"

ఇక ఈ ఏడాదికి వీళ్లకు మాటలుండవనుకున్నాను. మధ్యాహ్నం చూస్తే వేపచెట్టు కింద ఒకే గిన్నెలో జొన్నరొట్టె తుంచుకుని తింటున్నారు. ఏదో చెప్పి పాల్ ఆమెను నవ్విస్తున్నాడు. నవ్వాపుకోలేక ఆమెకు పొలమారింది.

"గంత లొల్లి చేసుకుంటిరి, కోపం లేదా సారమ్మా?" అని అడిగాను తర్వాత.

"ఉండె, సరోజక్కా. నోటితోని అన్న గదా, ఐపాయె" అంది. మా ఆయన ఉన్న వైపు చూసి, గొంతు తగ్గించి, "మా పాల్ నోరు తెరిస్తే నాకు కోపమొస్తది. మూస్తే భయమైతది. నువ్వెట్ల ఉంటున్నవో ఏమో" అంది.

నేను పక్క సాలులోకి జరిగాను. ఊరంతా మెచ్చుకునే సంసారం నాది. కూలికొచ్చిన మనిషి జాలిపడుతుంటే ఏమని చెప్పేది?

వినాయకచవితి పోయి, పూత ఊపు మీదుంది. ఒక పొద్దున నేను పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొడుతున్నాను. మా అత్త గడప మీద కూర్చుని చాయ్ ఊదుకుంటూ అడిగింది.

"మీ అమ్మకు ఎట్లున్నదంటనే?"

"ఎవరికి?"

"మీ అమ్మకు. బాగలేదంట గదా."

నా చేతిలో పిండిముద్ద అట్లాగే ఉండిపోయింది. "నీకెవరు చెప్పిన్రు అత్తా?"

"హౌదా! నీకు తెల్వదా?" అంది ఆమె, చాయ్ గ్లాసు కింద పెట్టేసి. మా అత్త రాయచూరు వైపు మనిషి. గాబరాపడితే పుట్టింటి కన్నడం వచ్చేది. "వాడు చెప్పిండు గదనే! మీ తమ్ముడు ఫోన్ చేసిండంట. ఐదారు దినాలాయె, కొట్టం కాడ చెప్పిండు, ఆమె తల్లికి బాగలేదంటమ్మా అని. నీకు చెప్పే ఉంటడనుకుంటి. కన్నతల్లి సంగతి, పెండ్లానికి చెప్పకుండ ఉంటడా? నువ్వు కదలకుంటే పూల కాలమని ఆగినవనుకుంటి."

పిండిచేతులతోనే చేలోకి పరుగెత్తాను. ఆయన మగచెట్ల దగ్గర పూలు కోస్తున్నాడు.

"మా అమ్మకు ఏమైంది?" అన్నాను.

నా వైపు చూశాడు. ఆ చూపులో తప్పు చేసినట్టు లేదు. తెల్లబోయినట్టుంది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. వాళ్లమ్మకు చెప్తే నాకు చెప్పినట్టేనని ఆయన లెక్క. మా అత్త నాకు చెప్పే ఉంటుంది, అయినా నేను మొండికేసి పుట్టింటికి పోలేదు, తనను అడగడం ఇష్టం లేక పోలేదు అని ఇన్ని రోజులూ నా మీద ఇంకా కోపం పెంచుకుంటున్నాడు. కబురు కొట్టం దగ్గరే ఆగిపోయింది. తల్లీకొడుకులు ఇద్దరూ అది నన్ను చేరిందనే అనుకున్నారు.

"ఏమైంది మా అమ్మకు?" మళ్లీ అడిగాను.

ఆయన నోరు కదిలింది. మాట రాలేదు. జేబులోంచి సెల్‌ఫోను తీసి నాకందించాడు. అప్పుడు కూడా.

ఫోను ఆయన కాళ్ల దగ్గర పడేసి ఇంటికొచ్చి, చీర మార్చుకుని రోడ్డెక్కాను.

గద్వాలలో బస్సు మారి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, వనపర్తి మీదుగా తిమ్మాజిపేట చేరేసరికి పొద్దు వాలింది. మా తమ్ముడు వెంకటన్న వాకిట్లోనే ఎదురొచ్చాడు. నన్ను చూడగానే వాడికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఇప్పుడు వస్తివా అక్కా? బావకు రెండుసార్లు చెప్పిన గదా!"

మా అమ్మ పార్వతమ్మకు పక్షవాతం. నాగర్‌కర్నూల్ దవాఖానలో చూపించి ఇంటికి తెచ్చారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మొదట్లో మాట ముద్దముద్దగా వచ్చేదట. "సరోజ రాలేదా, సరోజకు ఒక మాట చెప్పాలె" అని వచ్చినవాళ్లందరినీ అడిగేదట. తర్వాత రెండోసారి వచ్చి ఆ మాట కూడా పోయింది.

మంచం పక్కన కూర్చుంటే ఎడమచేత్తో నా మొహమంతా తడిమింది. నోరు తెరిచి "అ... అ..." అంది. చెప్పలేక, చేత్తో మంచం పట్టె మీద కొట్టింది. "చెప్పమ్మా, చెప్పు" అంటూ చెవి ఆమె పెదాలకు ఆనించాను. వేడి ఊపిరి తప్ప ఏమీ తగల్లేదు.

నాకేం చెప్పాలనుకుందో ఇప్పటికీ తెలియదు. ఏ గొలుసు ఎవరికివ్వాలో కావచ్చు, పిల్ల జాగ్రత్త అని కావచ్చు, ఏమీ లేక ఊరికే నన్ను చూడాలనుకుని కూడా కావచ్చు. అది తెలియకపోవడమే నాకు మిగిలింది.

వారం తిరక్కుండా మా ఆయన వచ్చాడు. అమ్మను చూశాడు. పెరట్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత అరుగు మీద కూర్చుని, ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడిన నన్ను దాటి మా తమ్ముడి వైపు చూశాడు.

"పువ్వంత రాలిపోతుంది వెంకటన్నా. సారమ్మ, పాల్ ఇద్దరితోని ఐతలేదు. మీ అక్కను రమ్మను."

మా తమ్ముడు నా వైపు తిరిగాడు. "అక్కా, బావ..."

"నువ్వాగు" అన్నాను. మా ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. "నేను ఈడనే ఉన్న. చెవులు మంచిగనే ఇనపడ్తున్నయ్. రమ్మనేది నన్నైతే నన్ను రమ్మను."

ఆయన తలదించుకున్నాడు.

"నాతోనే మాట్లాడాలె. నాతోని మాట్లాడిననాడు వస్త. లేకుంటే రాను. ఈ మాట నువ్వే ఇన్నవ్. నడుమ ఎవరూ చెప్పనక్కర్లే."

చాయ్ తాగకుండానే లేచి పోయాడు. మా తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. "గంత మంచి మనిషిని గట్ల పంపిస్తవా అక్కా? అడిగినోళ్లకు ఏం చెప్పుకుంటం?"

"నిజమే చెప్పు" అన్నాను.

పెళ్లాం రానంటే పెద్దమనుషులు కదలాల్సిందే. మా ఆయన పెదనాయన శంకరయ్య, మా అత్త, మా ఆయన ముగ్గురూ మళ్లీ వచ్చారు. మా వైపు నుంచి ఇద్దరు ముగ్గురు పెద్దలు. మా వాకిట్లోనే మంచాలు వేశారు. శంకరయ్య మామ ఊళ్లో ఎన్నో తగువులు తీర్చిన మనిషి. ఏ తగువుకైనా ఆయన దగ్గర ప్రశ్నలు సిద్ధంగా ఉండేవి.

"ఏమమ్మా సరోజా, మావోడు కొట్టిండా?"

"లేదు మామా."

"తాగొచ్చి లొల్లి చేసిండా?"

"లేదు."

"ఇంకో ఆడామెతోని ఏమన్న..."

"లేదు మామా."

"తిండికి, బట్టకు తక్కువ చేసిండా?"

"చెయ్యలే."

శంకరయ్య మామ ప్రశ్నలు అయిపోయాయి. "మరి ఏందమ్మా నీ బాధ?"

"మాట్లాడడు."

ఎవరో కిసుక్కుమన్నారు. శంకరయ్య మామ కూడా మీసం కింద నవ్వాడు. "మొగోడు నోరు మూసుకుంటే ఆడోళ్లకు పండుగ గదనే! నేను జర ఊకుంటే మా ముసల్ది గుడికాడ కొబ్బరికాయ కొడ్తనంటది."

వాకిలంతా నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా అయిపోయేదాకా ఆగాను.

"నవ్వుండ్రి మామా. కొడ్తే మీకు దెబ్బ చూపిస్తుంటి, మీరు గూడ అయ్యో అంటుండ్రి. దీనికి దెబ్బ కనపడదు. మా అమ్మ నన్ను పిలిచింది. ఆ పిలుపు ఈయన జేబుల ఉన్న ఫోన్‌కు వచ్చింది. ఆ జేబుకెల్లి నా దాక రాలేదు. ఇద్దరం ఒక్క చేన్ల, ఒక్క సాలు తేడాతోని పనిచేస్తున్నం మామా. లోపల మంచం మీద మా అమ్మ ఉన్నది. పోయి అడుగుండ్రి, నాకు ఏం చెప్పాలనుకున్నదో."

ఎవరూ నవ్వలేదు.

"ఏం కావాలె నీకు మరి?" అన్నాడు శంకరయ్య మామ, ఈసారి నెమ్మదిగా.

"తిట్లు కావాలె. కోపమొస్తే ఎందుకొచ్చిందో చెప్పి తిట్టమను. నేను గూడ తిడ్త. వద్దనుకుంటే వద్దు అనమను. మంచిదో చెడ్డదో, నాకు చెప్పేది నా మొహం చూసి చెప్పాలె. పన్నెండేండ్లు నేనే తప్పయింది అన్న, ఏం తప్పో తెల్వకుండనే అన్న. ఇగ అనను."

"ఏమంటవ్‌రా తిరుపతీ?"

మా ఆయన కాలి బొటనవేలితో మట్టి గీకుతూ కూర్చున్నాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. చాలాసేపటికి తలెత్తాడు. నా వైపు కాదు, అలవాటైన వైపే తిరిగాడు.

"అమ్మా, నువ్వు చెప్పు ఆమెకు..."

"సాకు" అంది మా అత్త.

అంటే కన్నడంలో చాలు అని. గట్టిగా అనలేదు. కొంగు సర్దుకుంటూ మళ్లీ అంది. "సాకప్పా, సాకు."

మా ఆయన నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది.

"మీ నాయన గూడ గిట్లనే చేసిండు" అంది ఆమె, ఎవరినీ చూడకుండా. "ఆయన గొంతు ఇనాలంటే నేను కొట్టం ఎనక పోయి నిలబడుతుంటి. ఎడ్లతోని మాట్లాడుతుండె గదా. ఎంత మంచిగ మాట్లాడుతుండెనో వాటితోని! ఆయన సచ్చిననాడు గూడ మా ఇద్దరికి మాటల్లేకుండె. ఎందుకో నాకు తెల్వదు. ఇప్పటికీ తెల్వదు. చెప్పకుండనే పాయె." కొడుకు వైపు తిరిగింది. "ఆ దినం కొట్టంల నువ్వు చెప్తే, నేను పోయి ఈ పిల్లను అడగాలె. అడగలే. నా పాపం గూడ ఉన్నది దీంట్ల. ఇగ నీ మాటలు నేను మొయ్య. ఆమె ఆడ నిలబడ్డది. నీ కాళ్లు మంచిగనే ఉన్నయ్, నీ నోరు మంచిగనే ఉన్నది."

శంకరయ్య మామ భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. "చాయ్ పెట్టియ్యమ్మా" అన్నాడు మా మరదలితో. పంచాయితీ అక్కడితో ఆగిపోయింది. తీర్పంటూ ఏమీ చెప్పలేదు. మా ఆయన లేచి, ఎవరితోనూ అనకుండా బస్టాండు వైపు నడిచిపోయాడు.

మా అత్త మాత్రం ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండి, మా అమ్మకు కాళ్లు పట్టింది. మర్నాడు నేను ఆమెతో కలిసి బయల్దేరాను. "నేను ఆయన కోసం వస్తలేను అత్తా" అన్నాను బస్సులో. "ఆ చేన్ల నా చేతులు గూడ ఉన్నయ్. నా పంట నేనెందుకు ఇడిచిపెట్టాలె? ఆదివారం ఆదివారం మాత్రం అమ్మకాడికి పోత. ఎవరు ఆపినా పోత."

"పో. నన్నెందుకు అడుగుతవ్?" అంది మా అత్త కిటికీలోంచి చూస్తూ. "వాణ్ణి అడుగు."

చేలో ఒలవని మొగ్గలు విచ్చి, అద్దే చెయ్యి లేక ఎర్రబారి రాలి ఉన్నాయి. సారమ్మ వరసలో వరస కలిపి పనిలోకి దిగాను. మా ఆయనకు ఇప్పుడు మధ్య మనిషి లేదు. "అమ్మా" అని పిలిస్తే మా అత్త చెవులు వినపడనట్టు పప్పు ఏరుకునేది. దాంతో ఒక్కొక్క మాటే గాల్లోకి వదిలేవాడు. "నీళ్లు" అనేవాడు. "అన్నం" అనేవాడు. నేను కదిలేదాన్ని కాదు. ఒకరోజు చివరికి నా వైపు తిరిగి "నీళ్లియ్యి" అన్నాడు, గొంతులో ముల్లు తీసినట్టు. ఇచ్చాను. దానికే పొంగిపోయే రోజులు నాకు దాటిపోయాయి.

ఆదివారం పొద్దున పూలు అద్దడం అయ్యాక, చెయ్యి కడుక్కుని ఆయన పనిచేస్తున్న సాలులోకి పోయాను.

"తిమ్మాజిపేటకు పోతున్న. రేపు మాపటికి వస్త."

ఆయన వంగి ఆకు తిప్పి చూస్తున్నాడు, పురుగేదో వెతుకుతున్నట్టు. నాకు ఆ వంగడం తెలుసు. పన్నెండేళ్లుగా ఆ వీపుకు వద్దు అని అర్థం.

"పో అను. లేకుంటే వద్దను. ఏదో ఒకటి అను."

పక్క సాలులోకి మారాడు. నేనూ మారాను. ఇంకో సాలుకు పోయాడు. అక్కడికీ పోయి ఎదురుగా నిలబడ్డాను. పత్తిచెట్లు నా చీరను పట్టుకుని గీరుతున్నాయి.

"వద్దు" అన్నాడు, చెట్టుతో అన్నట్టు.

"ఇనపడలే."

"వద్దు."

"ఎవరికి చెప్తున్నవ్?"

"నీకే!" ఆయన నిటారుగా లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. "నీకే చెప్తున్న! పోవద్దు! ఇంత పువ్వు పెట్టుకొని యాడికి పోతవ్? మాపు మొగ్గలు ఎవడు ఒలుస్తడు?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వాడక వాడక తుప్పుపట్టిన మోటరు ఒక్కసారిగా నీళ్లెత్తినట్టు, కీచుమంటూ, మధ్యలో పగులుతూ వచ్చింది. నాకు భయం వేయలేదు. ఒంట్లోకి ఎక్కడలేని బలం వచ్చింది.

"వద్దన్నవ్ గదా, మంచిగున్నది! నేను మాత్రం పోత!" అని అరిచాను.

"పోతే నన్నెందుకు అడిగినవ్?"

"అడుగుత! నువ్వు వద్దను, నేను పోత! అదైనా తెలుస్తది గదా నాకు!"

చీర దులుపుకుని గట్టెక్కాను. ఆయన నా వెనకే వచ్చాడు. చేతులు కూడా కడుక్కోలేదు.

"నీకు మొదటినుంచి నా మాట మీద లెక్కలేదు! ఆ ఆర్గనైజర్ ముందర నా పరువు తీసినవ్! వాడు ఊరంత నన్ను అమ్మగారి తిరుపతి అని పిలుస్తుండు!"

"ఆ ముక్క ఆ దినమే అంటే ఏం పోతుండె? వాని సంగతి నేను చూస్తుంటి గదా! సరే, నేనన్నది అబద్ధమా? ఎకరంన్నరకు చేతులు చాలినయా?"

"చాలలే! అయితే ఏంది!"

"అయితే ఎకరమే పెట్టాలె!"

"నువ్వు లోపల చెప్పాలె! నలుగురిల కాదు!"

అది నాకు తట్టని మాట. నడుస్తూనే ఒక క్షణం ఆలోచించాను. "సరే, అది నిజమే. ఇంకేం?" అన్నాను.

రోడ్డు మీద అరుగుల మీదివాళ్లు లేచి నిలబడ్డారు. మంచి పేరున్న ఇంటి మొగుడూ పెళ్లాలు ఊరి నడుమ గొంతులు చించుకుంటున్నారు మరి. మా ఆయన ఎవరినీ చూడలేదు. నా పక్కకొచ్చి నడుస్తూ, ఇంకా అరుస్తూనే, మధ్యలో గొంతు దిగిపోయి అన్నాడు.

"మీ అమ్మ సంగతి... నేనేం ముఖం పెట్టుకొని మాట్లాడాలె నీతోని? నావల్ల మీ అమ్మ మాట నీకు అందలేదని చెప్పాలెనా?"

"చెప్పాలె" అన్నాను, ఆగి.

ఆయన కూడా ఆగాడు. గద్వాల బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగి వచ్చింది.

"అందలే" అన్నాడు. "నావల్లనే."

ఫర్వాలేదు అని నేననలేదు. ఫర్వా ఉంది. అది ఒక్కరోజులో పోయేది కాదు, పోలేదు కూడా. కానీ ఆ మాట ఆయన నా మొహం చూసి అన్నాడు. నేను తలూపి బస్సెక్కాను.

నేనెక్కానో లేదో ఆయన కిందనుంచి మళ్లీ అందుకున్నాడు. నిజంగా పోతానని అప్పటిదాకా అనుకోలేదేమో. "ఇంత చెప్పినా పోతనే ఉన్నవ్! మొండిదానా! తల్లికి మందులన్న పట్టుకపోతున్నవా, ఉత్త చేతులతోని పోతున్నవా?"

కండక్టర్ తలుపు పట్టుకుని తల బయటికి పెట్టాడు. "ఏందమ్మా ఈ లొల్లి? ఎవరాయన?"

"మా ఆయన."

"గంత గట్టిగ ఎవర్ని తిడ్తుండు?"

"నన్నే" అన్నాను. బస్సులో అందరికీ వినపడేలా మళ్లీ అన్నాను. "నన్నే తిడ్తుండు."

బస్సు కదిలింది. కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి నేనూ అరిచాను.

"రేపు మాపటికి వస్త! మిగిలింది యాదిల పెట్టుకో, వచ్చినంక తిడుదువు!"